బంగాళాఖాతం లోతు కొలిచిన కెప్టెన్ కార్పెంటర్ | ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్

మన నెల్లూరు తీరంలో దుగరాజపట్నం తెలుసు కదా? 1626లో ఇంగ్లీషోళ్ళు అక్కడ స్థావరం పెట్టుకుని, దాన్ని ఆర్మగాన్ అన్నారు. ఆ ఊరికి ఎదురుగా సముద్రంలో, నీళ్ళ కింద ఒక ఇసుక దిబ్బ ఉంది. పేరు ఆర్మగాన్ షోల్. ఒడ్డు నుంచి చూస్తే మామూలు సముద్రమే. ఓడ అడుగు తగిలితే తప్ప తెలీదు. మరి శాటిలైట్ లేని రోజుల్లో ఇలాంటివి మ్యాప్‌లోకి ఎలా ఎక్కాయి? దానికోసం ఈరోజు ఒక మనిషి గురించి మాట్లాడుకుందాం. ఆల్ఫ్రెడ్ కార్పెంటర్, బ్రిటిష్ రాయల్ నేవీ ఆఫీసర్.

1847లో పుట్టాడు. సర్వే పనిలో స్పెషలిస్ట్. హెచ్.ఎం.ఎస్. చాలెంజర్ అనే ఓడ పేరు వినే ఉంటారు, 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాల్ని స్టడీ చేసిన ఓడ. కార్పెంటర్ అందులో లెఫ్టినెంట్. 1876 జనవరిలో ఫాక్‌లాండ్ దీవుల్లో ఓడ ఆగి ఉన్నప్పుడు ఒక నావికుడు నీళ్ళలో పడిపోయాడు. కార్పెంటర్ వెంటనే దూకేశాడు. కానీ ఆ నావికుడు బతకలేదు. అయినా కార్పెంటర్‌కి ఆల్బర్ట్ మెడల్ ఇచ్చారు. సముద్రంలో ప్రాణాలు కాపాడేవాళ్ళ కోసం 1866లో పెట్టిన మెడల్ అది.

ఇప్పుడు మన సైడ్‌కి వద్దాం. 1863లో అప్పటి ఇండియన్ నేవీని రద్దు చేశారు. దాంతో సర్వే పని కూడా పడకేసింది. మన తీరం ఇసుక తీరం. పెన్న లాంటి నదులు మట్టి తెచ్చి పోస్తాయి, తుఫాన్లు దిబ్బల్ని జరుపుతాయి. అంటే పాత మ్యాప్‌ని నమ్ముకుంటే ఓడ మునగొచ్చు. అందుకే 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే ఆఫ్ ఇండియా పెట్టారు. 1884 నుంచి 1889 దాకా ఆ పని నడిపింది కార్పెంటరే. ఆయన ఓడ ఇన్వెస్టిగేటర్, బొంబాయి డాక్‌యార్డ్‌లో కట్టిన చెక్క స్టీమర్.

లోతు ఎలా కొలిచేవాళ్ళంటే, సింపుల్. తాడుకి సీసం గుండు కట్టి వదుల్తారు. గుండు అడుగున గుంటలో కొవ్వు పూస్తారు. అది నేలకి తగిలినప్పుడు ఇసుకో, బురదో అంటుకుని పైకొస్తుంది. లోతూ తెలిసింది, అడుగున ఏముందో కూడా తెలిసింది! లెక్క ఫాతమ్‌లలో, అంటే 6 అడుగులు. మన బార లాంటిదే, రెండు చేతులూ చాపినంత. మరి ఓడ ఎక్కడుందో? ఒడ్డు మీద మూడు గుర్తులు చూస్తారు, గుడి గోపురమో, లైట్‌హౌసో. వాటి మధ్య కోణాల్ని సెక్స్‌టంట్‌తో కొలిస్తే పొజిషన్ వచ్చేస్తుంది. ఇలా వేల సార్లు చేస్తే ఒక చార్ట్. ఒక్క దిబ్బ మిస్సయితే, ఆ చార్ట్‌ని నమ్మి వచ్చిన ఓడ పని అంతే.

కార్పెంటర్ అక్కడితో ఆగలేదు. బంగాళాఖాతం లోతుల్లో టెంపరేచర్ల మీద పేపర్ రాశాడు. పైన నీళ్ళు 28 డిగ్రీలున్నా, మూడు కిలోమీటర్ల కింద దాదాపు ఫ్రిజ్ నీళ్ళే. ఆయన ఓడలో డాక్టరే జీవశాస్త్రవేత్త కూడా. ఆయన పట్టిన వింత జీవులు కలకత్తా ఇండియన్ మ్యూజియంకి వెళ్ళేవి.

ఒక విషయం దాచకూడదు. కార్పెంటర్‌కి డి.ఎస్.ఓ. అనే ఇంకో పతకం కూడా ఉంది. అది బర్మా యుద్ధంలో సేవకి వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు బర్మాని మింగేసిన యుద్ధం అది. ఆ చార్ట్‌లు కూడా ముందుగా వాళ్ళ వ్యాపారం, వాళ్ళ నేవీ కోసమే. మనవాళ్ళ మీద ప్రేమతో కాదు. కానీ లోతు లెక్క ఎవరి ఓడకైనా ఒకటే కదా.

ఆయన కొడుకు కూడా నేవీయే. 1918లో జీబ్రుగ్ దాడిలో విక్టోరియా క్రాస్ గెలిచాడు. ఇంటర్నెట్‌లో కార్పెంటర్ అని వెతికితే చాలాసార్లు ముందు కొడుకే వస్తాడు, కన్‌ఫ్యూజ్ అవ్వకండి. తండ్రి 1925లో చనిపోయాడు.

ఆ సర్వే పని ఈరోజు డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ చేస్తోంది. తాడు పోయి సోనార్ వచ్చింది. మన ఇండియన్ నేవీ కూడా ఒక సర్వే ఓడకి ఇన్వెస్టిగేటర్ అనే పేరు పెట్టింది. నాకేమనిపిస్తుందంటే, నీళ్ళలో దూకడం ఒక్క నిమిషం ధైర్యం, అది అందరికీ కనపడుతుంది. ఐదేళ్ళు ఓపిగ్గా లోతులు కొలవడం ఎవరికీ కనపడదు. కానీ ఎక్కువ ప్రాణాలు నిలబెట్టేది ఆ రెండోదే.

మీ ఊళ్ళో వేటకెళ్ళేవాళ్ళు ఇప్పటికీ లోతుని బారల్లోనే చెప్తారా? అడిగి కామెంట్ పెట్టండి. ఉంటాను మరి.