నురుగు మోసిన లోహము

కంసాలివీథిలోని చెత్తయు బూడిదయు బుట్టల కెత్తుకొనిపోయి, కాలువగట్టున కూర్చుండి కడిగి, అందలి వెండిబంగారముల రజనును రాబట్టుకొని జీవించు జలగడుగువారిని మన పెద్ద లెరుగుదురు. బరువైనది అడుగున నిలుచును, తేలికైన మన్ను నీటివెంట పోవును. వారి విద్యకెల్ల ఇదియే మూలము. గనులవారును తరతరములుగా ఈ సూత్రమునే నమ్ముకొనియుండి, తుదకు ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ వద్ద భంగపడిరి.

1883లో ఛార్లెస్ రాస్ప్ అను గొఱ్ఱెలమేత పొలముల కావలివాడు ఆ గుట్టపై హద్దుకఱ్ఱలు పాతిననాటినుండి పైపొరలలోని వెండి సులభముగనే లభించినది గాని, లోతునకు పోయినకొలది సీసమును తుత్తునాగమును గంధకముతో కలిసి విడదీయరాని రాయిగా నెదురైనవి. సీసపు ఖనిజమైన గెలీనా నీటికంటె ఏడున్నర రెట్లు బరువగుటచే అడుగునకు దిగెను. తుత్తునాగపు ఖనిజమునకు నాలుగు రెట్ల బరువే, దానితో పెనవేసికొనియున్న రోడోనైటు, గార్నెటు అను పనికిరాని రాళ్లకును రమారమి అంతే. జల్లెడకును నీటికిని లొంగని యీ చిక్కువలన తుత్తునాగము చాలవరకు చెత్తతోకూడ పోయి, గనులచెంత లక్షలాది టన్నుల దిబ్బలై పేరుకొనెను.

చిక్కు విప్పినవారిలో నిరువురు బీరు కాచు వృత్తివారగుట నాకు కాకతాళీయముగా తోచదు. నురుగును దినమెల్ల కనిపెట్టియుండుట వారి పనిగదా! మెల్బోర్నువాడగు ఛార్లెస్ పాటర్ 1902 ప్రాంతమున ఖనిజపు పొడిని వేడి ఆమ్లజలములో వేయగా, రాతిలోని కార్బనేటులనుండి పొంగిన వాయుబుద్బుదములు లోహపు రేణువులను పట్టుకొని పైకెత్తెను. బ్రోకెన్ హిల్ గనుల బి.హెచ్.పి. కంపెనీ మేనేజరు డెల్‌ప్రాట్ ఇంచుమించు అదే పద్ధతిని అప్పుడే కనిపెట్టుటచే వ్యవహారము న్యాయస్థానమెక్కెను. బీరువృత్తివారిలో రెండవవాడు, బెల్జియమునుండి వచ్చిన ద బవే, 1904లో మఱియొక త్రోవ త్రొక్కెను.

రహస్యము బరువున లేదు, ఉపరితలమున నున్నది. ఒట్టిరాయి నీట తడియును. గంధకముతో కూడిన ఖనిజమో, నూనె తగిలినపిమ్మట తామరాకువలె నీటినంటనీయక, గాలిబుడగను వెదకికొని చేరును. షికాగోలో క్యారీ ఎవర్సన్ అను వైద్యుని భార్య ఈ నూనె మర్మమునకు 1886లోనే పేటెంటు పొందెను. జిడ్డు పట్టిన ఖనిజపు సంచులుతుకుచుండగా ఆమెకిది స్ఫురించెనను కథ ముచ్చటగా నున్నది గాని కట్టుకథయే. గనులవారామె మాట చెవినిడలేదు; ఆ విద్యతో సంపన్నులైనవా రితరులు. 1905లో సల్మన్, పికార్డు, బాలట్ అనువారు నూనెను నూటికొకపాలుకంటె తగ్గించి, బురదనీటిని గాలితో బలముగా చిలుకగా, కుంకుడు నురుగును తలదన్ను చెదరని నురుగు పొంగెను. ఆ కొలతపై వ్యాజ్యము 1916లో అమెరికా సుప్రీంకోర్టుదాక పోయెను.

యంత్రము చూచుటకు సామాన్యమే: వరుసగా తొట్లు, తొట్టి నడుమ గిఱ్ఱున తిరుగు ఱెక్కలచక్రము, అంచుపై పొర్లి దోనెలో పడు బూడిదరంగు నురుగు, ఆ నురుగుపై సీసపు నిగనిగ. 1912లో లిస్టర్ అనువాడు సీసమును ముందుగా తేల్చి తుత్తునాగమును వెనుక నిలుపు ఉపాయము కనుగొనెను. మొండికెత్తిన తుత్తునాగమునకు చిటికెడు మైలుతుత్తము తగిలించినచో అదియు తేలునని బ్రాడ్‌ఫర్డ్ అనువాడు చూపెను. పాత దిబ్బలను కొని మరల కడుగుటకే 1905లో జింక్ కార్పొరేషన్ ఏర్పడెను. దాని స్థాపకులలో నొకడు, పిమ్మట అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవరు.

దిబ్బలో మిగిలిన గంధకఖనిజము వానకు గాలికి గంధకికామ్లమై వాగులను చెఱచును గావున, దానిని తేల్చి తీయుట లోహమునకే గాక నీటికిని మేలు. అయినను అతిసూక్ష్మధూళి బుడగను తాకక, దాని ప్రక్కగా జారి, నీటితో బురదచెరువునకు పోవుచునే యున్నది. దానికొఱకే జేమ్‌సన్ అను ఆస్ట్రేలియా ఆచార్యుడు 1980 తరువాత, బురదను ధారగా గొట్టములోనికి దుమికించి, ఆ దుముకుతోనే గాలిని పొడిపొడి బుడగలుగా చీల్చు తొట్టిని నిర్మించెను; అందులో తిరుగు చక్రమే లేదు.