మధ్యాహ్నం రెండింటి చావులు

ఎవరి ప్రాణం ఏ గంటకు పోతుందో ముందుగా చెప్పలేం. వేల మరణాలను పోగేసి చూస్తే మాత్రం అవి రాత్రీ పగలూ దాదాపు సమంగా సర్దుకుంటాయి. మాంచెస్టర్ దగ్గరున్న హైడ్ పట్టణంలో డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ పేషెంట్ల లెక్క వేరు. వాళ్ల చావులు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో గుంపుగా కనిపిస్తాయి. అతను ఇళ్లకు వెళ్లి రోగులను చూసే వేళ అది.

పిలిస్తే ఇంటికొచ్చే మంచి డాక్టరని అతనికి పేరు. ముసలావిడ చేతికి డయామార్ఫిన్, అంటే వైద్యంలో వాడే హెరాయిన్, సూది వేసేవాడు. కాసేపటికే ఊపిరి ఆగిపోయేది. కట్టుకున్న బట్టలతో, కుర్చీలో కూర్చున్నట్టే చనిపోయి కనిపించినవాళ్లు ఎందరో. సినిమా హంతకుడు పోలీసులకు పొడుపుకథ వదిలి వెళతాడు. ఇతను మరణ ధ్రువపత్రం రాసిచ్చి వెళ్లేవాడు.

1998 మార్చిలో అదే ఊళ్లో ఇంకో డాక్టరు, ఈ చావులు మరీ ఎక్కువగా ఉన్నాయని అధికారుల చెవిన వేసింది. పోలీసులు పైపైన చూసి వదిలేశారు. ఆ తర్వాత మరో ముగ్గురు పోయారు. చివరికి అతన్ని పట్టించింది 81 ఏళ్ల వృద్ధురాలి పేరిట టైపు కొట్టిన దొంగ వీలునామా. ఆమె కూతురు లాయరు. 2000లో 15 హత్యలు రుజువయ్యాయి. 2002లో విచారణ సంఘం 215 మందిని చంపాడని తేల్చింది.

వరుస హత్యలు ఎంత అరుదో చెప్పాలంటే, రుజువైనవాటికీ జరిగినవాటికీ మధ్య ఉన్న ఈ తేడా గుర్తుంచుకోవాలి. వేర్వేరు సందర్భాల్లో ఇద్దరిని లేదా అంతకు మించి చంపితే వరుస హత్యలేనని 2005లో ఎఫ్‌బీఐ సదస్సు నిర్వచించింది. ఏ ఏడాది చూసినా మొత్తం హత్యల్లో వీటి వాటా ఒక్క శాతం లోపేనని అంచనా. కానీ అది హత్యలుగా నమోదైనవాటి లెక్క. సహజ మరణమని రాసేసిన చావు అందులోకి ఎలా వస్తుంది? కర్ణాటకలో 'సైనైడ్ మోహన్' అనే హంతకుడి చేతిలో పోయిన యువతులు వేర్వేరు ఊళ్ల బస్టాండు టాయిలెట్లలో, వేర్వేరు రోజుల్లో దొరికారు. పోలీసులకు ఒక్కో శవం ఒక్కో విడి కేసుగానే కనిపించింది.

మరి కారణాలు? పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువులను హింసించడం: ఈ మూడూ ఉన్న పిల్లలు ప్రమాదకరమని 1963లో సైకియాట్రిస్టు జాన్ మెక్‌డొనాల్డ్ రాశాడు. తర్వాతి పరిశోధనల్లో ఆ సూత్రం నిలబడలేదు. హంతకుల మెదడు స్కాన్లు పరిశీలించిన న్యూరోసైంటిస్టు జేమ్స్ ఫాలన్‌కు తన స్కాన్ కూడా అచ్చం అలాగే కనిపించింది. ఆయన ఎవరినీ చంపలేదు, నిక్షేపంలా పాఠాలు చెప్పుకున్నాడు.

షిప్‌మన్‌కు 17 ఏళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. డాక్టరు వచ్చి ఆమెకు మార్ఫిన్ ఇవ్వడం చూశాడు. చంపే పద్ధతి ఎక్కడిదో దీన్నిబట్టి ఊహించవచ్చేమో గాని, చంపాలన్న కోరిక ఎక్కడిదో తేలదు. అలా తల్లిని పోగొట్టుకున్న పిల్లలు లక్షల్లో ఉంటారు. అతను నేరం ఒప్పుకోకుండానే 2004లో జైల్లో ఉరి వేసుకున్నాడు.

మనసు సంగతి తేలకపోయినా లెక్క తేలుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సరుకు నాణ్యత తనిఖీకి పుట్టిన గణిత పద్ధతిని గణాంక శాస్త్రవేత్త డేవిడ్ స్పీగల్‌హాల్టర్ బృందం షిప్‌మన్ పేషెంట్ల మరణాలకు వర్తింపజేసింది. అలాంటి నిఘా ఉండి ఉంటే, పట్టుబడడానికి పదేళ్లకు పైగా ముందే అనుమానం తలెత్తేదని తేలింది. అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి (కరోనర్) దాకా వెళ్లని ప్రతి చావునూ సంబంధం లేని మరో డాక్టరు పరిశీలించాలన్న నిబంధన ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది.