గుట్ట పైకి లేస్తే డ్రోన్‌కు తెలుస్తుందా?

రిమోట్ తెరపై 100 మీటర్లని కనిపిస్తున్నా, డ్రోన్ కింద అంత ఖాళీ ఉండకపోవచ్చు. గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ ఆ ఎత్తును డ్రోన్ బయలుదేరిన చోటి నుంచి లెక్కగడుతుంది.

అరకు లోయలో ఎగరేసిన డ్రోన్ 80 మీటర్ల గుట్ట మీదికి వెళ్తే తెరపై అంకె మారదు. కానీ నేలకు మిగిలే దూరం 20 మీటర్లే. కాఫీ తోటకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్టు అడ్డొస్తే అంతే సంగతులు! సర్వే అయితే మరో చిక్కు: నేల దగ్గరైనకొద్దీ ఒక్కో ఫొటోలో పట్టే స్థలం తగ్గి, మ్యాపులో ఖాళీలు పడతాయి.

దీనికి విరుగుడు ‘టెరైన్ ఫాలో’. 2000లో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తుల సమాచారం లాంటిది ముందే ఎక్కిస్తే, డ్రోన్ గుట్టతోపాటు లేచి, వాలుతోపాటు దిగుతుంది. అయితే అందులో నేలను విడగొట్టిన ఒక్కో గడి వెడల్పు సుమారు 30 మీటర్లు. కాబట్టి కరెంటు తీగలు, సెల్ టవర్లు అందులో కనిపించవు. వాటిని పైలట్ ముందే చూసుకోవాలి.