హై ప్రోటీన్ ట్యూనా సలాడ్: తయారీ విధానం, పచ్చిగా తినే కూరగాయల మడిలో జాగ్రత్తలు

మా దగ్గర వారం వారం కూరగాయల బుట్ట తీసుకునే విశాఖపట్నం కుటుంబాల్లో ఈ మధ్య జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు అడిగేది ఒకటే. "ప్రోటీన్ ఎక్కువ ఉండాలి, నూనె తక్కువ ఉండాలి, తొందరగా అయిపోవాలి, ఏం చేసుకోమంటారు?" వాళ్లకి నేను చెప్పేది ట్యూనా సలాడ్. తయారీ మొత్తం వీడియోలో చూపించాను. కొలతలు రాసుకోవడానికి వీలుగా ఇక్కడ వివరంగా ఇస్తున్నాను. దాంతోపాటు వీడియోలో పూర్తిగా చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది. సలాడ్‌లో కూరగాయలు పొయ్యి ఎక్కవు. పచ్చిగా తినే పంట పండించే ప్రకృతి వ్యవసాయ రైతు జీవామృతం విషయంలో కొంచెం వేరేగా ఆలోచించాలి. అది చివర్లో చెప్తాను, తప్పకుండా చదవండి.

ప్రోటీన్ ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం, కిలో శరీర బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 65 కిలోల మగమనిషికి సుమారు 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి సుమారు 46 గ్రాములు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

మన ఇళ్లలో అన్నం, పప్పుచారు, పచ్చడితో కడుపు నిండుతుంది గానీ ప్రోటీన్ అంతగా అందదు. 100 గ్రాముల పచ్చి ట్యూనా చేపలో దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు చాలా తక్కువ.

చేప ఎలా కొనాలి?

ట్యూనా అంటే ఎక్కడో విదేశీ చేప అనుకోవద్దు. మన తీరంలో సూర, తూర అని పిలిచేది ఇదే. సొర వేరు, సూర వేరు, కలిపేయకండి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వస్తుంది. పూడిమడక మత్స్యకారులు గేలాలతో పట్టే పెద్ద చేపల్లో ఇది ముఖ్యమైనది.

కొనేటప్పుడు ఒక్కటి గట్టిగా చూడండి. చేప ఐసులో ఉందా లేదా? ట్యూనా ఎండలో, వేడిలో ఉండిపోతే అందులో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి తయారైతే ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, నోరు మండటం, తలనొప్పి వస్తాయి. అందుకే ఐసు లేని బుట్టలో ట్యూనా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక కూడా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

పెద్ద ట్యూనాల్లో పాదరసం కాస్త ఎక్కువ ఉంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు చిన్న రకాలే, అదీ అప్పుడప్పుడు తింటే చాలు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రోజుల్లో డబ్బా ట్యూనా వాడుకోవచ్చు. నూనెలో ఉన్నది కాకుండా నీళ్లలో ఉన్నది తీసుకుని, నీళ్లు వంపేసి వాడండి. అందులో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి మళ్లీ వేసేటప్పుడు చూసుకోండి.

ఇద్దరికి కావలసినవి

ట్యూనా ముక్కలు 150 గ్రాములు
ఉడికించిన అలసందలు 100 గ్రాములు
ఉడికించిన కోడిగుడ్డు 1
వేయించిన వేరుశనగ గింజలు 20 గ్రాములు
గుడ్డలో కట్టి నీళ్లు దించిన పెరుగు 3 పెద్ద చెంచాలు
కీర దోస 1, టమాటా 1, చిన్న ఉల్లిపాయ 1, క్యారెట్ సగం
కొత్తిమీర, పుదీనా, ఒక పచ్చిమిర్చి, నిమ్మకాయ, మిరియాల పొడి, ఉప్పు

లెక్క చూద్దాం. చేప నుంచి 36, అలసందల నుంచి 8, గుడ్డు నుంచి 6, వేరుశనగ నుంచి 5, పెరుగు నుంచి 3 గ్రాములు. మొత్తం 58, అంటే మనిషికి సుమారు 29 గ్రాముల ప్రోటీన్.

తయారీ

చేప ముక్కల్లో ముదురు ఎరుపు రంగు కండ ఉంటుంది. తినొచ్చు గానీ వాసన ఘాటుగా ఉంటుంది, సలాడ్‌కి తీసేస్తేనే రుచి. మిగతా ముక్కలకి పసుపు, ఉప్పు, మిరియాల పొడి, కాస్త నిమ్మరసం పట్టించి పది నిమిషాలు ఉంచండి. తర్వాత ఇడ్లీ పాత్రలో 8 నుంచి 10 నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. ఎక్కువసేపు ఉంచితే పీచులా గట్టిపడుతుంది. చల్లారాక చేత్తో పొరలు పొరలుగా విడదీయండి.

ఉల్లిపాయ ముక్కల్ని నిమ్మరసంలో ఐదు నిమిషాలు వేసి ఉంచితే ఘాటు తగ్గుతుంది. కీర, టమాటా గింజల గుజ్జు తీసేసి కోస్తే సలాడ్ నీరు కారదు. పెరుగులో పుదీనా, పచ్చిమిర్చి, మిరియాల పొడి, ఉప్పు కలిపి, అందులో ముందు అలసందలు, చేప వేసి కలపండి. కూరగాయలు తర్వాత వేయండి. గుడ్డు ముక్కలు, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగలు పైన చల్లి వెంటనే తినేయాలి. వేసవిలో పుల్ల మామిడి తురుము వేస్తే నిమ్మకాయ అవసరమే ఉండదు.

హోటళ్లలో పెరుగు బదులు మయోనీస్ వేస్తారు. అందులో చాలావరకు నూనే. ఒక పెద్ద చెంచాకి 90 కేలరీల పైనే, ప్రోటీన్ లేనట్టే. డైట్ కోసం తినే సలాడ్‌లో అది వేసుకుంటే ప్రయోజనం పోతుంది.

"చేపా పెరుగూ కలిపి తింటే బొల్లి వస్తుంది కదా?" అని మా అమ్మతో సహా చాలామంది అడుగుతారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. అయినా మనసొప్పకపోతే పెరుగు మానేసి, వేరుశనగలు నిమ్మరసంతో మెత్తగా నూరి కలపండి. అదీ బాగుంటుంది. చేప తినని వాళ్లు ఉడికించిన శనగలు 200 గ్రాములు వేసుకుంటే 18 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది.

మొలకలు వేసుకునేవాళ్లకి ఒక మాట. మొలక కట్టే వెచ్చదనం, తేమ క్రిములకి కూడా బాగా నచ్చుతాయి. పిల్లలకి, గర్భిణులకి, పెద్దవాళ్లకి మొలకలు ఆవిరి పట్టాకే పెట్టండి.

మడిలో జాగ్రత్త

ఇప్పుడు మన సంగతి. రసాయనాలు వేయలేదు కాబట్టి మన ఆకు కడగకుండా తినొచ్చని కొందరు రైతులు గర్వంగా చెప్తుంటారు. అది సరికాదు. 200 లీటర్ల జీవామృతంలో 10 కిలోల పచ్చి పేడ ఉంటుంది. నీమాస్త్రంలోనూ పేడ ఉంటుంది. వంకాయ, బెండకాయ ఉడుకుతాయి కాబట్టి భయం లేదు. కొత్తిమీర, పుదీనా, కీర, ముల్లంగి పచ్చిగా నోట్లోకి వెళ్తాయి. పేడలోని క్రిములు మన కంటికి కనపడవు, వాసనకి తెలియవు.

అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో పచ్చి పేడ వేశాక గడువు పెట్టారు. తినే భాగం నేలకి తగిలే పంటైతే కోతకి 120 రోజుల ముందు, తగలనిదైతే 90 రోజుల ముందు ఆపాలి. మన కొత్తిమీర పంటకాలమే 40 రోజులు. కాబట్టి దానికి పంట మీద ఉన్నప్పుడు పచ్చి పేడ ద్రావణాలు అసలు కుదరవు.

మా పొలంలో నేను చేసే పద్ధతి ఇది. సలాడ్ పంటలకి మడులు వేరుగా పెట్టుకున్నాను. వాటికి బాగా మాగిన కంపోస్టే వేస్తాను. పొడవు కుప్ప పోసి, లోపల వేడి కనీసం 55 డిగ్రీలు 15 రోజులపాటు ఉండేలా చూసుకుని, ఆలోపు ఐదుసార్లు తిరగేస్తాను. ఆ వేడికి హాని చేసే క్రిములు చాలావరకు చస్తాయి. జీవామృతం వంట కూరగాయల మడులకి పోతుంది. కీరకి పందిరి వేస్తాను, కాయ నేలకి తగలదు. ఆకుకూరకి ఎండు గడ్డి ఆచ్ఛాదన వేస్తే వానకి మట్టి చిందదు. కోసిన ఆకు శుభ్రమైన బోరు నీళ్లతో కడుగుతాం. ఉప్పు నీళ్లు, పసుపు నీళ్లు మట్టిని, పురుగుల్ని దించుతాయి గానీ క్రిములన్నీ చస్తాయని నమ్మొద్దు. పారే నీళ్లలో రుద్ది కడగడమే మేలు.

బుట్ట మీద "పచ్చిగా తినేవి", "వండుకునేవి" అని రెండు కట్టలుగా విడివిడిగా రాసి ఇస్తాను. కొనేవాళ్లకి ఇది చాలా నచ్చింది, అడగకుండానే వాళ్లకి నమ్మకం కుదురుతుంది. ప్రకృతి వ్యవసాయం మీద జనానికున్న నమ్మకం మనందరి ఉమ్మడి ఆస్తి. ఒక్క రైతు కట్ట కొత్తిమీర తిని ఒక పిల్లాడికి విరేచనాలైతే, ఆ మాట మనందరి పంట మీదా పడుతుంది.

మీరు సలాడ్ పంటలు వేస్తుంటే ఈ సీజన్‌లో ఒక్క మడితో మొదలుపెట్టి చూడండి. కంపోస్టు కుప్ప పోయడం, వేడి కొలవడం వీడియో రెండో భాగంలో ఉంది. సలాడ్ చేసుకుని తిన్నాక రుచి ఎలా ఉందో, మీ ఊళ్లో ఈ చేపని ఏమంటారో కూడా రాయండి.