కొసరు పాయింట్లతో హనీమూన్: నాలుగు వేల రూపాయల లెక్క

అమలాపురం మార్కెట్లో వంకాయలు తూయించుకున్నాక రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో వేయమనడం మనకు అలవాటు. అదే కొసరు. క్రెడిట్ కార్డు రివార్డు పాయింట్లూ ఆ జాతివే. కాకపోతే కొసరు కోసం ఎవరూ ఇంకో రెండు కిలోల వంకాయలు కొనరు, పాయింట్ల కోసం మాత్రం కొంటారు. పెళ్లి కుదిరిన ఇంట్లో ఉద్యోగం చేసే కుర్రాడు ఒకడుంటే చాలు, "ఖర్చంతా కార్డు మీద గీకేద్దాం నాన్నా, హనీమూన్ ఫ్రీగా అయిపోతుంది" అంటాడు. ఎంత ఫ్రీయో కాగితం మీద వేసి చూద్దాం.

కార్డు తెలుగువాళ్లకు నిన్నమొన్నటిది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ముందుగా ఆ పని చేసిన బ్యాంకుల్లో అదొకటి. సరిగ్గా అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్లు లెక్కగట్టి ఉచిత టికెట్లిచ్చే పథకం మొదలెట్టింది. ఆ కార్డూ ఈ మైళ్లూ కలిసి మన పెళ్లి పందిట్లోకి రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

అమలాపురం అబ్బాయి, కొత్తపేట అమ్మాయి అనుకుందాం. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగి. పెళ్లి ఖర్చు 14 లక్షలు. బంగారం 6 లక్షలు, హాలూ భోజనాలూ మూడున్నర, పూల డెకరేషన్, ఫొటోలు, మేళం కలిపి లక్షన్నర, బట్టలు లక్షా 20 వేలు, మంచం, బీరువా, ఫ్రిజ్ వగైరా సామాన్లు లక్షా 30 వేలు, సారె 50 వేలు. ఇవి నేను వేసుకున్న అంకెలు. మీ ఇంటివి వేరే ఉంటాయి, కానీ వాటాలు మరీ తారుమారు కావు.

ఇందులో కార్డు ఎక్కడ చెల్లుతుంది? వంటవాళ్లకు కార్డు గీకే మిషన్ ఉండదు. సన్నాయి మేళానికి తాంబూలంలో పెట్టి ఇవ్వాల్సిందే. పూలాయన ఫోన్‌పే అంటాడు, కానీ అది ఆయన సొంత నంబరు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చన్నది నిజమే. అయితే అది వ్యాపారి పేరున తీసుకున్న క్యూఆర్ కోడ్‌కే పనిచేస్తుంది, మనిషి సొంత ఖాతాకు పనిచేయదు. సారె పూతరేకులు ఆత్రేయపురంలో చేసినావిడ దగ్గరే కొంటే అక్కడా అంతే. చివరికి కార్డు మీదికి వచ్చేవి బట్టలు, సామాన్లు, హాలు అద్దెలో ఒక 50 వేలు. మొత్తం 3 లక్షలు.

150 రూపాయలకు 4 పాయింట్లిచ్చే కార్డు అనుకుందాం. మధ్యతరగతి జీతగాళ్ల చేతుల్లో ఈ తరహా కార్డులు కనిపిస్తాయి. 3 లక్షలకు 8,000 పాయింట్లు. వినడానికి ఘనంగానే ఉంది. కానీ పాయింటంటే రూపాయి కాదు. ఈ రకం కార్డులో విమానం టికెట్టుకో హోటలు గదికో వాడితే పాయింటుకు 50 పైసలు, అంటే 4,000 రూపాయలు. టికెట్లెందుకులే, బిల్లులో తగ్గించమంటే 20 పైసలే, అంటే 1,600. పైగా పాయింట్లు వాడుకున్నందుకు చాలా బ్యాంకులు 99 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ తీసుకుంటాయి. పాయింట్లతో మిక్సీయో సూట్‌కేసో తెప్పించుకునేవాళ్లకు గిట్టేది సాధారణంగా ఇంకా తక్కువ.

14 లక్షల పెళ్లికి కొసరు నాలుగు వేలు. ఏడాది రుసుము 2,500, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 2,950 కట్టి ఉంటే మిగిలేది 1,050. ఏడాదిలో ఇంత ఖర్చు దాటితే రుసుము మాఫీ అనే షరతు చాలా కార్డుల్లో ఉంటుంది కాబట్టి, ఆ గీత దాటామనే అనుకుని ముందుకెళ్దాం.

మరి బంగారం? ఆరు లక్షలు ఒక్కసారి గీకితే పాయింట్లు వరదలా రావాలి కదా అనిపిస్తుంది. బ్యాంకులకూ అలాగే అనిపించి, కొన్ని కార్డుల్లో బంగారానికి పాయింట్లే ఆపేశారు. ఇచ్చే కార్డయినా షాపులో ఇంకో తిరకాసు ఉంది. గీకిన ప్రతిసారీ షాపువాడు తన బ్యాంకుకు దాదాపు 2 శాతం ఇచ్చుకుంటాడు. మన పాయింట్లు పుట్టేది ఆ డబ్బులోంచే. మజూరీ, తరుగు బేరమాడి తగ్గించుకున్నాక కౌంటరు దగ్గర "కార్డయితే 2 శాతం ఎక్స్‌ట్రా అండీ" అంటారు. 6 లక్షల మీద అది 12,000. మన కార్డిచ్చే 16,000 పాయింట్ల విలువ 8,000. నాలుగు వేలు ఎదురు పెట్టుకుని కొసరు తెచ్చుకున్నట్టు.

బట్టల కొట్టులోనూ ఇదే బేరం, కాకపోతే తిరగేసి. నగదయితే 3 శాతం తగ్గిస్తానంటే లక్షా 20 వేల మీద 3,600 మిగులుతుంది. కార్డు పాయింట్ల విలువ 1,600. పట్టుచీరల దగ్గర గంటసేపు బేరమాడే అత్తగారు, ఫోన్లో పాయింట్లు చూసుకునే అల్లుడి కంటే లాభసాటి మనిషి. బిల్లు మాత్రం తీసుకోవాలి. ఒకే కొనుగోలుకు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం వ్యాపారికి నిషేధమని గుర్తుంచుకోవాలి.

అసలు గండం వడ్డీ దగ్గరుంది. మన ఊళ్లలో రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అంటాం. రెండు రూపాయలంటే కాస్త ముఖం చిట్లిస్తాం. నాలుగు రూపాయలకు తిప్పేవాడి గురించి అరుగు మీద ఏం మాట్లాడుకుంటామో రాయక్కర్లేదు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడు రూపాయల డెబ్బై ఐదు పైసలు, అంటే ఏడాదికి 45 శాతం. దీన్ని 30 శాతానికి మించనివ్వకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది.

పెళ్లయ్యాక చేతిలో డబ్బాడదు. బిల్లు మూడు లక్షల్లో రెండు కట్టి, లక్ష వచ్చే నెలకు వదిలేశారనుకోండి. ఆ లక్ష మీద నెల వడ్డీ 3,750, వడ్డీ మీద జీఎస్‌టీ 675, వెరసి 4,425. పెళ్లంతటికీ వచ్చిన నాలుగు వేలు ఒక్క నెలలో పోయి ఎదురు 425 తగిలింది. ఇది తక్కువలో తక్కువ లెక్క. వడ్డీ గడువు తేదీ నుంచి కాక కొన్న రోజు నుంచే లెక్కిస్తారు, కొత్తగా కొన్నవాటికీ వడ్డీలేని గడువు పోతుంది. మినిమమ్ డ్యూ కట్టి ఊపిరి పీల్చుకునేవాళ్లకు ఇవన్నీ తర్వాతి బిల్లులో తెలుస్తాయి.

ఇంకో పద్ధతి కోనసీమకు బాగా నప్పుతుంది. కొబ్బరి తోటున్న మామయ్యకు ఐటీ రిటర్నులుండవు, ఫిక్సెడ్ డిపాజిట్ పెడితే తప్ప కార్డు ఇవ్వరు. అందుకని బంధువులందరి కొనుగోళ్లూ హైదరాబాదు అబ్బాయి గీకేస్తాడు, వాళ్లు చేతికి నగదిస్తారు. తెలివైన ఏర్పాటే. కానీ ఏడాదిలో కార్డు బిల్లుల కింద కట్టినది 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆదాయపన్ను శాఖకు తెలియజేస్తుంది. నగదుగా కట్టినదైతే లక్షకే తెలియజేస్తుంది. నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మామయ్య కాదు.

ఇంతకీ హనీమూన్‌కు పాయింట్లు పనికిరావా అంటే, వస్తాయి. అయితే వాటిని సంపాదించేది పెళ్లి కాదు, పెళ్లికి ముందు రెండేళ్ల బ్రహ్మచారి జీవితం. నెలకు 25 వేల మామూలు ఖర్చు కార్డు మీద పెట్టి, ప్రతి నెలా పూర్తిగా కట్టేసినవాడికి రెండేళ్లలో 6 లక్షల మీద 16,000 పాయింట్లు పోగవుతాయి. ఇంటద్దెను లెక్కలోకి తీసుకోలేదు, దానికి చాలా బ్యాంకులు పాయింట్లివ్వవు సరికదా, ఎదురు రుసుము వేస్తాయి. పెళ్లివి 8,000 కలిపితే 24,000, అంటే 12,000 రూపాయలు. గోవాకు ఇద్దరికీ రానుపోను టికెట్లు 24,000 అనుకుంటే సగం తీరింది. ఈ తరహా కార్డుల్లో కొన్ని బిల్లులో సగానికి మించి పాయింట్లతో కట్టనివ్వవు, కనుక ఇక్కడితో సరి. ఒక జాగ్రత్త: బ్యాంకు సైటులో చూపించే టికెట్ ధరను విమాన సంస్థ సొంత సైటుతో పోల్చాలి. అక్కడ వెయ్యి ఎక్కువుంటే మీ పాయింట్లలో రెండు వేలు గాలికి పోయినట్టే.

విదేశమైతే ఇంకో కన్నం ఉంది. చాలా కార్డులు విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం వేస్తాయి, జీఎస్‌టీతో 4.13 శాతం. బాలిలో లక్ష గీకితే 4,130. మళ్లీ అదే నాలుగు వేలు.

పాయింట్లు గీకిన రోజునే చేతికి రావు, బిల్లు తయారయ్యాక జమవుతాయి. పెళ్లయిన వారానికే బయల్దేరితే పెళ్లి పాయింట్లు ఆ ప్రయాణానికి అందవు. ఇక్కడ మన ఆచారమే అక్కరకొస్తుంది. వైశాఖంలో పెళ్లి, ఆషాఢంలో అమ్మాయి పుట్టింట్లో. ఈలోగా రెండు బిల్లులు తిరిగి పాయింట్లు జమవుతాయి. శ్రావణంలో గోవాకైనా కేరళకైనా వానల సీజను, గదులు చవక. కొత్త కోడలికి మంగళగౌరీ నోము ఉంటుంది కాబట్టి బుధవారం వెళ్లి ఆదివారం తిరిగొస్తే సరిపోతుంది, నాలుగు రాత్రులు దక్కుతాయి. కొబ్బరిచెట్లూ కాలువలూ వదిలి అలెప్పీ వెళ్లి, అవే కొబ్బరిచెట్ల మధ్య పడవెక్కడం ఎందుకని మాత్రం నాకు ఎప్పుడూ సందేహమే. దిండిలో హౌస్‌బోటు ఎక్కడానికి ఊళ్లు దాటి మన దగ్గరికే వస్తున్నారు జనం.

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైనా అమలాపురానికి రైలింకా రాలేదు. విమానమెక్కాలంటే రాజమండ్రి దాటి మధురపూడి వెళ్లాలి. పాయింట్లతో కొన్న టికెట్లు ఫోన్లో పెట్టుకుని, రావులపాలెం మీదుగా కారులో వెళ్లాలి. ఆ కారు కిరాయి డ్రైవరు సొంత నంబరుకే కొట్టాలి. దానికి పాయింట్లు రావు.