చలికాలము – పాదసంరక్షణము

ధనుర్మాసము ప్రవేశించినంతనే తెలుగు లోగిళ్ళలో స్త్రీలు తెల్లవారకముందే లేచి, కల్లాపి చల్లి, ఆ చన్నీటి తడిలో నిలిచి ముగ్గులు పెట్టుదురు. వరి కోతలకు పోవు కూలీలు మంచుతో తడిసిన గట్లపై వట్టి కాళ్ళతో నడతురు. బడిలో ఉపాధ్యాయుడు ఉదయము మొదలు సాయంకాలమువరకు నిలుచుండియే పాఠము చెప్పును. చలికి ముఖమునకు మీగడయు, పెదవులకు నేయియు రాచుకొనువారు పెక్కురు కలరు. దేహభారమంతయు మోయు పాదములవంక చూచువారు మాత్రము అరుదు. మడమ పగిలి నెత్తురు చెమర్చిననాడు గాని అవి జ్ఞప్తికి రావు.

మడమలే ఏల పగులును? దేహమున చాలచోట్ల చర్మమును మెత్తగా నుంచు నూనెగ్రంథులు కలవు. అరికాలియందు అవి లేవు. అచ్చటి చర్మము మిక్కిలి దళసరి. చలికాలపు గాలిలో తేమ తగ్గును, చెమటయు తగ్గును. ఎండిన చర్మము సాగు గుణమును కోల్పోవును. అడుగు మోపినపుడు మడమ క్రిందనున్న క్రొవ్వు శరీరభారమునకు ప్రక్కలకు ఒత్తుకొనును. సాగలేని చర్మము అంచున చీలును. గంటలకొలది నిలుచుండుటయు, వెనుక భాగము లేని చెప్పులును దీనిని హెచ్చించును.

ప్రాచీనులు దీని నెరుగనివారు కారు. సుశ్రుతసంహిత దీనిని 'పాదదారి' యని పేర్కొని, ఎక్కువగా నడచువారి ఎండిన పాదములందు ఇది కలుగునని చెప్పినది. పాదములకు తైలము మర్దించుటను చరకసంహిత నిత్యకృత్యములలో చేర్చినది.

నివారణము సులభము. రాత్రి నిద్రకు ముందు పది నిమిషములు గోరువెచ్చని నీటిలో కాళ్ళు నుంచవలెను. మిక్కిలి వేడినీరు ఉన్న జిడ్డును కూడ హరించును. కాళ్ళు రుద్దుకొను గరుకురాతితో మడమలను మెల్లగా రుద్దవలెనే కాని బ్లేడుతో కోయరాదు. వ్రేళ్ళ సందులను పొడిగా తుడిచి, మడమల చెమ్మ పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెయో, ఆముదమో, వాసెలినో పూయవలెను. వ్రేళ్ళ సందులలో నూనె పూయరాదు. తేమ నిలిచిన అచ్చటి చర్మము నాని చెడును. పిమ్మట నూలు మేజోళ్ళు తొడుగుకొని పరుండుట మేలు.

మధుమేహము కలవారి విషయము వేరు. నరములు మొద్దుబారినచో గాయపు నొప్పి తెలియదు. రక్తప్రసారము తగ్గినచో పుండు త్వరగా మానదు. చిన్న పగులులో చేరిన క్రిములు కాలినే కోల్పోవు స్థితిని తేగలవు. అట్టివారు కాళ్ళు నానవేయక, మోచేతితో వేడి పరీక్షించిన నీటితో కడుగుకొనిన చాలును. వట్టి కాళ్ళతో నడువరాదు. చలిమంటకడ పాదములు కాచుకొనరాదు. ప్రతిదినము అరికాళ్ళను పరీక్షించుకొనవలెను. ఎరుపో, వాపో, చీమో కనబడిన వెంటనే వైద్యుని చూడవలెను.

ఆటస్థలమున వెనుకబడిన బాలుని సోమరి యనుటకు ముందు ఉపాధ్యాయుడు అతని మడమలను ఒకసారి చూచుట మంచిది. ఆ బాలుడే ఇంటికడ అవ్వ పాదములకు నూనె రాయుచు కూర్చున్నచో, ఆమెకు నొప్పి తెలియని గాయము అతని కంట పడవచ్చును. అంతకు మించిన ఆరోగ్యపాఠము ఏ పుస్తకమునందును లేదు.