వేసవి వేడి, నెమ్మది రాకపోకలు – హైబ్రిడ్ కారు పనితీరు: మందస, ఉద్దానం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ కలిగిన హైబ్రిడ్ కార్లు 2022 తరువాత మధ్యతరగతి కొనుగోలుదారులకు చేరువయ్యాయి. ఎండ, ఉక్కపోత, ఆగి ఆగి సాగే రాకపోకలు కలిసిన పరిస్థితిలో ఈ కార్లు ఎలా పనిచేస్తాయో శ్రీకాకుళం జిల్లా మందస, పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంత నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. నెమ్మదిగా సాగే ప్రయాణంలో కారును కదిలించడానికి అయ్యే శక్తి కంటే లోపలి గాలిని చల్లబరచడానికి అయ్యే శక్తే ఎక్కువని, హైబ్రిడ్ పొదుపునకూ బ్యాటరీ మన్నికకూ ఈ చల్లదనమే కీలకమని ఈ వ్యాసం సాధారణ గణనల సాయంతో నిరూపిస్తుంది.

కీలకపదాలు: హైబ్రిడ్ కారు, బ్యాటరీ, ఏసీ, ఉక్కపోత, ఇంధన పొదుపు, మందస, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం:

ఒకవైపు మహేంద్రగిరి పంక్తి, మరొకవైపు బంగాళాఖాతం. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని మైదానంలో మందస ఉంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల తీరభాగంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు విస్తారంగా ఉన్నందువల్ల ఆ ప్రాంతానికి ఉద్దానమనే పేరు వచ్చింది. ఉద్యానమనే మాటే ఉద్దానమైందని ప్రతీతి. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి టెక్కలి, పలాసల మీదుగా ఈ ప్రాంతం గుండా సాగుతుంది.

ఇక్కడి కారు ప్రయాణానికి రెండు ముఖాలున్నాయి. జాతీయ రహదారి మీద వేగం నిలకడగా ఉంటుంది. రహదారి దిగి పలాస-కాశీబుగ్గ జంటపట్టణంలోనికో, టెక్కలి బజారులోనికో ప్రవేశిస్తే నడక వేగమే మిగులుతుంది. జీడిపిక్కల బస్తాలతో వచ్చే వాహనాలు, ఆటోలు, ద్విచక్రవాహనాలు, పాదచారులు ఒకే దారిని పంచుకుంటారు. మందస వాసుదేవ పెరుమాళ్ ఆలయ ఉత్సవాల వంటి రోజులలో ఊరి దారులు కూడా ఇలాగే కిక్కిరుస్తాయి. దీనికి వేసవి ఉక్కపోత తోడైతే ఏ కారుకైనా అది కఠిన పరీక్షే. హైబ్రిడ్ కారు ఈ పరీక్షకు ఎలా నిలుస్తుందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. హైబ్రిడ్ కార్లు – రెండు తరగతులు:

పెద్దయెత్తున ఉత్పత్తి అయిన తొలి హైబ్రిడ్ కారుగా పేరొందిన టయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్ విపణిలోకి వచ్చింది. భారతదేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ విడుదలైనా, అధిక ధర కారణంగా అది కొద్దిమందికే పరిమితమయింది. 2022లో హోండా సిటీ ఇ-హెచ్ఈవీ, మారుతీ సుజుకీ గ్రాండ్ విటారా, టయోటా అర్బన్ క్రూయిజర్ హైరైడర్ రావడంతో ఈ సాంకేతికత చిన్న పట్టణాల దాకా చేరింది.

హైబ్రిడ్ అనే పేరుతో అమ్ముడయ్యే కార్లన్నీ ఒకటి కావు. వీటిని రెండు తరగతులుగా విభజించవచ్చు.

2.1 మైల్డ్ హైబ్రిడ్: ఇందులో చిన్న మోటారు బెల్టు ద్వారా ఇంజనుకు సాయం చేస్తుంది. కారు ఆగినప్పుడు ఇంజనును ఆపి, కదిలేటప్పుడు మళ్లీ నడుపుతుంది. మోటారు ఒక్కటే కారును లాగలేదు. ఏసీ కంప్రెసర్ ఇంజనుకే బిగించి ఉంటుంది కనుక ఇంజను ఆగితే చల్లదనం తయారీ కూడా ఆగుతుంది. అందుచేత తీవ్రమైన ఎండలో ఇంజను ఎక్కువసేపు ఆగి ఉండలేదు.

2.2 స్ట్రాంగ్ హైబ్రిడ్: ఇందులో అధిక వోల్టేజి బ్యాటరీ, కారును స్వతంత్రంగా లాగగల మోటారు ఉంటాయి. ఏసీ కంప్రెసర్ బ్యాటరీ విద్యుత్తుతో నడుస్తుంది. ప్రియస్‌లో ఈ విద్యుత్ కంప్రెసర్ 2003 నాటి రెండవ తరం నమూనాతో ప్రవేశించింది. ఇంజను ఆగినా లోపలి చల్లదనం ఆగదు.

గ్రాండ్ విటారా, హైరైడర్ రెండూ ఒకే పేరు మీద ఈ రెండు తరగతులలోనూ లభించాయి. కొనేవారు పేరును కాక తరగతిని విచారించవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడుతుంది. ఈ వ్యాసంలో ఇకపై హైబ్రిడ్ అన్నప్పుడు స్ట్రాంగ్ హైబ్రిడ్ అనే గ్రహించాలి.

3. నెమ్మది ప్రయాణంలో శక్తి వ్యయం:

సుమారు 1300 కిలోల బరువున్న కారును ఉదాహరణగా తీసుకుందాం. చదునైన దారి మీద చక్రాల దొర్లుడు నిరోధాన్ని అధిగమించడానికి కిలోమీటరుకు దాదాపు 0.035 యూనిట్ల శక్తి కావాలి. ఇక్కడ యూనిట్ అంటే ఇంటి విద్యుత్ మీటరు లెక్కించే కిలోవాట్-గంటే. నెమ్మది వేగంలో గాలి నిరోధం స్వల్పం కనుక దానిని విడిచిపెట్టవచ్చు.

ఎండలో ఏసీ 1.5 కిలోవాట్లు వాడుతున్నదనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకు దాని వాటా 0.025 యూనిట్లు. అదే ఏసీ గంటకు 10 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకు 0.15 యూనిట్లు వాడుతుంది. అంటే జాతీయ రహదారి నుండి కాశీబుగ్గ బజారులోనికి మళ్లగానే కిలోమీటరుకు ఏసీ వ్యయం ఆరు రెట్లవుతుంది. దొర్లుడు నిరోధానికి అయ్యే శక్తితో పోల్చినా అది నాలుగు రెట్లకు పైమాటే.

దీనినిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఎండలో నెమ్మదిగా పోతున్న కారు ప్రధానంగా చేసే పని ప్రయాణం కాదు, శీతలీకరణం. ఈ పనికి కావలసిన శక్తిని ఏ కారు తక్కువ ఇంధనంతో సమకూర్చుకుంటుందన్నదే అసలు ప్రశ్న.

4. హైబ్రిడ్ పొదుపు – దాని మూలాలు:

4.1 ఇంజనును తగిన భారం మీద నడపడం: పెట్రోలు ఇంజను తక్కువ భారం మీద నడిచినప్పుడు దాని సామర్థ్యం బాగా పడిపోతుంది. సాధారణ కారు ఆగి ఉన్నప్పుడు ఏసీ కోసం ఇంజను ఖాళీగా తిరుగుతూ గంటకు లీటరు దాకా పెట్రోలు తాగవచ్చు. లీటరు పెట్రోలులో దాదాపు 8.9 యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో ఏసీకి ఉపయోగపడేది 1.5 యూనిట్లు, అంటే ఆరింట ఒక వంతు మాత్రమే.

హైబ్రిడ్‌లో ఇంజను కొద్దిసేపు తగినంత భారం మీద తిరిగి విద్యుత్తును ఉత్పత్తి చేసి, ఆ తరువాత ఆగిపోతుంది. ఉత్పత్తిలోను, నిల్వలోను కలిగే నష్టాలు పోగా పెట్రోలు శక్తిలో 30 శాతం ఏసీకి అందుతుందనుకుంటే, గంటకు అర లీటరు కంటే కొంచెం ఎక్కువ సరిపోతుంది. ఈ అంకెలు ఉదాహరణ మాత్రమే. కారును బట్టి, ఎండను బట్టి అవి మారినా, వ్యయం దాదాపు సగానికి తగ్గడానికి కారణం మాత్రం ఇదే.

4.2 బ్యాటరీ పరిమితి: హైరైడర్ వంటి కారులో బ్యాటరీ పరిమాణం 0.76 యూనిట్లు. మన్నిక కోసం అందులో కొంత భాగాన్నే కంప్యూటరు వాడనిస్తుంది. సుమారు 0.3 యూనిట్లు వాడుకకు దొరికితే, ఆగి ఉన్న కారులో ఏసీ దాదాపు పన్నెండు నిమిషాలు నడుస్తుంది. ఆపై ఇంజను రెండు మూడు నిమిషాలు నడిచి బ్యాటరీని నింపి మళ్లీ ఆగుతుంది. ఎండలో నిలిచిన కారులో ఇంజను దానంతటదే మొదలై ఆగుతూ ఉండడం లోపం కాదు, ఈ ఏర్పాటు స్వభావం.

4.3 బ్రేకు శక్తిని తిరిగి పొందడం: బ్రేకు వేసినప్పుడు సాధారణ కారులో చలనశక్తి వేడిగా మారి వృథా అవుతుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటరుగా మారి అందులో కొంత బ్యాటరీకి చేరుస్తుంది. అయితే వేగం సగమైతే చలనశక్తి నాలుగో వంతవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 1300 కిలోల కారుకు ఉండే చలనశక్తి 80 కిలోజౌళ్లు కాగా, 20 కిలోమీటర్ల వేగంలో 20 కిలోజౌళ్లే. కాబట్టి నడక వేగపు రద్దీలో బ్రేకు నుండి వచ్చే లాభం పరిమితం. అక్కడ ప్రధాన లాభం ఇంజను ఆగి ఉండడమే.

4.4 క్లచ్ లేకపోవడం: నెమ్మది రద్దీలో మాన్యువల్ కారు నడిపేవారు క్లచ్‌ను సగం నొక్కి ఉంచవలసి వస్తుంది. ఆ రాపిడికి క్లచ్ ప్లేటు వేడెక్కి అరుగుతుంది. మోటారు మాత్రం నిశ్చలస్థితి నుండే పూర్తి లాగుడుబలాన్ని ఇవ్వగలదు. అందువల్ల స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు బయలుదేరేటప్పుడు జారే క్లచ్ అవసరం ఉండదు.

5. వేడి – బ్యాటరీ ఆరోగ్యం:

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో స్థూల సూత్రం. బ్యాటరీని క్షీణింపజేసే చర్యలకు కూడా ఇది వర్తిస్తుంది. లిథియం-అయాన్ బ్యాటరీకి 15 నుండి 35 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత అనుకూలం. బ్యాటరీ మితిమీరి వేడెక్కితే కంప్యూటరు దాని వాడకాన్ని తగ్గిస్తుంది. అప్పుడు ఇంజను ఎక్కువసేపు నడుస్తుంది, పొదుపు తగ్గుతుంది.

అనేక హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలే. వెనుక సీటు కిందనో పక్కనో ఉన్న రంధ్రాల ద్వారా చిన్న ఫ్యాను ఆ గాలిని లాగి బ్యాటరీ మీదుగా పంపుతుంది. అంటే ప్రయాణికులు పీల్చే గాలే బ్యాటరీకీ ఆధారం. పెట్రోలు ఆదా కోసం అద్దాలు బిగించి ఏసీ ఆపేస్తే బ్యాటరీకి అందేది వేడిగాలే. తీవ్రమైన వేసవిలో అలా చేయడం పొదుపు కాదు. ఆ రంధ్రాలకు అడ్డంగా సంచులు పెట్టినా, వాటి జాలీ దుమ్ముతో మూసుకుపోయినా ఇదే నష్టం కలుగుతుంది. మోటారును నియంత్రించే ఇన్వర్టర్‌కు మాత్రం సాధారణంగా ద్రవ శీతలీకరణ ఉంటుంది. కారు ఆగి ఉన్నప్పుడు కూడా రేడియేటరు ఫ్యాను దానికి గాలిని అందించగలదు.

6. తీరప్రాంత ప్రత్యేకతలు:

ఉద్దానంలో ఉష్ణమాపకం చూపే అంకె రాయలసీమలోకంటే తక్కువ ఉండవచ్చు. కాని గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గాలిని చల్లబరచడంతోపాటు అందులోని తేమను నీరుగా మార్చవలసి ఉంటుంది. కిలో నీటి ఆవిరిని నీరుగా మార్చేటప్పుడు దాదాపు 2400 కిలోజౌళ్ల వేడిని తొలగించాలి. కారు కింద ధారగా కారే నీరు ఈ అదనపు శ్రమకు సాక్ష్యం. లోపలి గాలినే మళ్లీ తిప్పే అమరికను ఎంచుకుంటే బయటి తేమగాలి రాక తగ్గి ఈ భారం తేలికవుతుంది.

సముద్రం మీదుగా వచ్చే ఉప్పుగాలి కారు ముందుండే కండెన్సరు, రేడియేటరు రేకులను తినివేస్తుంది. వాటి మీద దుమ్ము, ఉప్పు పేరుకుంటే వేడి బయటికి పోవడం కష్టమవుతుంది. తీరగ్రామాలవారు వాటిని మంచినీటితో మృదువుగా కడిగించుకోవడం మేలు. ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత గంటలోపే బయటికంటే 20 డిగ్రీలకు పైగా పెరగగలదు. తోటలకు పేరుపడ్డ ఈ సీమలో నీడకు కొరత లేదు. అయితే కొబ్బరిచెట్టు కంటే జీడిమామిడి నీడ క్షేమకరం. బయలుదేరే ముందు తలుపులు తెరిచి వేడిగాలిని బయటికి పోనిస్తే ఏసీకీ బ్యాటరీకీ ఊరట కలుగుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో విద్యుత్ సరఫరా ఛిన్నాభిన్నమయింది. పూర్తి విద్యుత్ కారుకు అటువంటి సమయంలో ఛార్జింగ్ దొరకదు. హైబ్రిడ్ తన విద్యుత్తును తానే తయారుచేసుకుంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కాని పెట్రోలు లేనిదే అదీ కదలదు.

7. ప్రకటిత మైలేజీ – వాస్తవం:

హైరైడర్ హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లు, హోండా సిటీ హైబ్రిడ్‌కు 26.5 కిలోమీటర్లు అని విడుదల సమయంలో ప్రకటించారు. ఈ అంకెలు ప్రయోగశాలలో నిర్ణీత పరీక్షాక్రమం ప్రకారం వచ్చినవి. ఆ క్రమంలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, గది ఉష్ణోగ్రత 20 నుండి 30 డిగ్రీలు. ఏసీ ఆపి ఉంటుంది. నెమ్మది ప్రయాణంలో ఏసీయే ప్రధాన వ్యయమని మూడవ భాగంలో తేలింది. కనుక మే నెల మధ్యాహ్నం పలాసలో ఆ అంకెను ఆశించడం న్యాయం కాదు. సరైన పోలిక ప్రకటనతో కాదు, అదే దారిలో, అదే ఎండలో, ఏసీ వేసుకొని నడిచే సాధారణ పెట్రోలు కారుతో చేయాలి. ఆ పోలికలో రద్దీ పెరిగేకొద్దీ హైబ్రిడ్ ఆధిక్యం పెరుగుతుంది. నిలకడ వేగంతో సాగే జాతీయ రహదారి మీద ఆ తేడా తగ్గుతుంది.

8. ముగింపు:

• ఎండ, నెమ్మది రాకపోకలు కలిసినచోట కారు శక్తిలో పెద్ద భాగం చల్లదనానికే ఖర్చవుతుంది.
• ఇంజను ఆపి కూడా ఏసీని నడపగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌కే ఈ పరిస్థితిలో నిజమైన ప్రయోజనం ఉంది. మైల్డ్ హైబ్రిడ్ నుండి దానిని ఆశించరాదు.
• వేడి వల్ల హైబ్రిడ్‌కు కలిగే ప్రధాన ముప్పు బ్యాటరీకే. లోపలి గాలితో చల్లబడే బ్యాటరీ ఉన్న కార్లలో ఏసీ వాడకం, గాలిరంధ్రాల శుభ్రత, నీడలో నిలపడం బ్యాటరీ సంరక్షణలో భాగాలు.
• ఎక్కువ కాలం జాతీయ రహదారి మీదనే ప్రయాణించేవారికి అదనపు ధర తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. పలాస, టెక్కలి బజారుల్లో రోజూ తిరిగేవారికి అది త్వరగా తిరిగి వస్తుంది. కొనుగోలు నిర్ణయానికి ప్రకటిత మైలేజీ కంటే ఎవరి దారి ఎటువంటిదో తెలుసుకోవడమే సరైన ప్రాతిపదిక.